మేము చెరిపిన చుక్క

మానవ శరీరాన్ని కోయకుండా, గాయపరచకుండా లోపల ఏమున్నదో తెలుసుకోవాలనే కోరిక వైద్యశాస్త్రమంత పురాతనమైనది. నాడి పట్టి చూడడం, పొట్టపై వ్రేళ్లతో తట్టి ఆ శబ్దాన్ని బట్టి రోగాన్ని ఊహించడం, రొమ్ముపై చెవి ఆనించి ఆలకించడం, ఇవన్నీ ఆ కోరిక తీర్చుకొనడానికి వైద్యులు త్రొక్కిన దారులే. చెవికి వినిపించని ధ్వనిని శరీరంలోనికి పంపి, అది తెచ్చే ప్రతిధ్వనిని చిత్రంగా మార్చి చూడడం ఆ దారిలో ఒక గొప్ప మజిలీ. ఎలక్ట్రానిక్స్ శాఖలో చివరి సంవత్సరం విద్యార్థులమైన మేము నలుగురం, ఆ చిత్రాలలోని రొదను తగ్గించడమనే అంశాన్ని మా ప్రాజెక్టుగా ఎన్నుకొన్నాము. ఆ పనిలో మేము నేర్చుకొన్న విద్య కొంత. చేసిన తప్పు ఒకటి. విద్యను గురించి ప్రాజెక్టు నివేదికలో వ్రాశాము. తప్పును గురించి వ్రాయడానికి అందులో చోటు లేకపోయినది. కనుక మన కళాశాల వార్షిక సంచికను ఆశ్రయించాము.

మా నలుగురిలో ఒక మిత్రుని తల్లిగారిని మేమందరమూ అమ్మీ అనియే పిలుస్తాము. నిరుడు ఆమెకు భోజనం చేసిన తరువాత కుడి డొక్కలో నొప్పి వస్తూ ఉండేది. స్కానింగు తీయించగా పిత్తాశయంలో సుమారు 2 మిల్లీమీటర్ల రాయి ఒకటి ఉన్నదనీ, శస్త్రవైద్యుణ్ణి సంప్రదించవలసినదనీ వ్రాసి ఇచ్చారు. దానితో పాటు ఇచ్చిన చిత్రాన్ని మిత్రుడు హాస్టలుకు తెచ్చాడు. అర చేతి వెడల్పు కాగితం. నల్లని నేలపై ఎవరో గుప్పెడు ఇసుక చల్లినట్లు ఉన్నది. "ఈ ఇసుకలో రాయి ఏదో, రవ్వ ఏదో డాక్టరుగారికి మాత్రం ఎట్లా తెలిసింది?" అని అతడు అడిగాడు. మాలో ఎవరికీ సమాధానం తెలియలేదు. ఆ ప్రశ్నయే మా ప్రాజెక్టుకు బీజమైనది.

ముందుగా ఈ చిత్రం పుట్టే విధానాన్ని పాఠకులకు మనవి చేస్తాము. మన చెవి సెకనుకు 20,000 కంపనాల వరకు మాత్రమే వినగలదు. స్కానింగు యంత్రం వాడే అతిధ్వనుల పౌనఃపున్యం సాధారణంగా సెకనుకు 20 లక్షల నుండి కోటిన్నర కంపనాల దాకా ఉంటుంది. పొట్టను చూడడానికి 35 లక్షల ప్రాంతంలోని పౌనఃపున్యాన్ని తరచుగా వాడతారు. 1880లో ఫ్రాన్సు దేశంలో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే సోదరులు కొన్ని స్ఫటికాలను నొక్కినప్పుడు వాటిలో విద్యుత్తు పుట్టుతుందని కనుగొన్నారు. విద్యుత్తును ఇచ్చినచో అట్టి పదార్థాలు కంపిస్తాయి. చర్మంపై ఆనించే ప్రోబులో ఉన్నవి ఇట్టి గుణం కల పదార్థాలే. అవి ఒక క్షణం అరచి, మరుక్షణం మౌనంగా వింటాయి. మెత్తని కండలో ధ్వని వేగం సెకనుకు 1540 మీటర్లని లెక్క కడతారు. కాబట్టి ఒక సెంటీమీటరు లోతు నుండి ప్రతిధ్వని తిరిగి రావడానికి సెకనులో పది లక్షల వంతులు చేసి, అందులో 13 వంతుల కాలం పట్టుతుంది. ప్రతిధ్వని వచ్చిన కాలాన్ని బట్టి లోతును, దాని బలాన్ని బట్టి వెలుగును తెరపై చుక్కగా గుర్తిస్తారు. అట్టి లక్షల చుక్కల కూర్పే ఆ చిత్రం.

ఈ విద్యను వైద్యానికి అలవరచిన వారిలో గ్లాస్గో నగరపు ప్రసూతి వైద్య ఆచార్యుడు ఇయాన్ డొనాల్డ్ ముఖ్యుడు. కర్మాగారాలలో లోహపు పలకలలోని పగుళ్లను కనుగొనే పరికరంతో ఆయన తన పరిశోధనను ఆరంభించాడు. జాన్ మెక్‌వికార్ అనే వైద్యుడు, టామ్ బ్రౌన్ అనే ఇంజనీరు ఆయనకు తోడైనారు. వారు ముగ్గురూ కలసి 1958లో లాన్సెట్ పత్రికలో తమ ఫలితాలను ప్రకటించారు. శస్త్రచికిత్సకు లొంగని పుట్టకురుపని నిర్ణయింపబడిన ఒక స్త్రీ పొట్టలో ఉన్నది నిజానికి నీటితిత్తి అని వారి పరికరం చూపినది. దానిని తీసివేయగా ఆమె బ్రతికినది. ఆ కథను చదివిన రోజున మా గదిలో దీపం చాలా సేపటి వరకు ఆరలేదు. మేమూ అట్టి ఘనకార్యం ఏదో చేయబోతున్నామని మాకు తోచినది.

ఇక ఆ ఇసుక సంగతి. దీనిని స్పెకిల్ అంటారు. చెరువులో ఒక్క గులకరాయి వేస్తే అల చక్కగా, గుండ్రంగా సాగుతుంది. గుప్పెడు రాళ్లు ఒక్కసారి విసిరితే అలలు ఒకదానిపై ఒకటి పడి, ఒక చోట రెండింతలై లేస్తాయి. ఇంకొక చోట ఒకదానినొకటి అణచుకొని నీరు నిలుకడగా ఉండిపోతుంది. దీనినే మనం భౌతికశాస్త్రంలో వ్యతికరణం అని చదువుకొన్నాము. 35 లక్షల కంపనాల ధ్వనికి కండలో తరంగదైర్ఘ్యం 0.44 మిల్లీమీటరు. కాలేయం వంటి అవయవంలో అంతకంటే సూక్ష్మమైన కణజాలపు రేణువులు కోకొల్లలు. వాటి నుండి వచ్చే ప్రతిధ్వనులు ఇట్లాగే కలసి, ఒక చోట తెల్లని రవ్వగా, ప్రక్కనే నల్లని గుంటగా తెరపై కనిపిస్తాయి. ఆ రవ్వ ఉన్న చోట ప్రత్యేకంగా ఏ వస్తువూ ఉండనక్కరలేదు.

రేడియోలో వినవచ్చే గరగర వంటి రొద వేరు, ఈ రొద వేరు. గరగర క్షణక్షణానికీ మారుతుంది. అందువలన అనేకసార్లు విని సగటు తీస్తే తగ్గిపోతుంది. స్పెకిల్ అట్లా కాదు. ప్రోబు కదలకుండా, శరీరం కదలకుండా నూరుసార్లు చిత్రం తీసినా నూరింటిలోనూ అదే రవ్వ అదే చోట ఉంటుంది. ఎంత సగటు తీసినా ప్రయోజనం లేదు. పైగా ఇది అసలు సంకేతానికి కూడికగా చేరదు, గుణకారంగా చేరుతుంది. వెలుగు ఎక్కువైన చోట రొద కూడా ఎక్కువవుతుంది. సమంగా ఉన్న అవయవ భాగంలో ప్రామాణిక విచలనం సగటు విలువలో 52 శాతం దాకా ఉంటుందని గణితం చెప్పుతుంది. రూపాయి ఇవ్వవలసిన చోట ఒకడు అర్ధ రూపాయి, ఒకడు రూపాయిన్నర ఇచ్చినట్లన్న మాట.

మా మొదటి ఉపాయం మధ్యగతపు వడపోత. చిత్రంపై ఒక చిన్న చదరపు కిటికీని పెట్టి, దానిలోని విలువలను ఆరోహణ క్రమంలో పేర్చి, నడుమ ఉన్న దానిని తీసుకొని మధ్య చుక్కకు ఇవ్వాలి. మిత్రుడు తన తల్లిగారి అనుమతితో స్కానింగు కేంద్రంలో అడిగి, ఆమె పేరు లేకుండా కంప్యూటరు చిత్రాన్ని తెచ్చాడు. 3 చుక్కల కిటికీ పెట్టాము, ఇసుక పోలేదు. 5 పెట్టాము, 7 పెట్టాము. చివరకు 11 పెట్టగా ఇసుక అంతా పోయినది! కాలేయం గచ్చు చేసిన గోడ వలె నున్నగా కనిపించినది. పిత్తాశయం నల్లని బేరిపండు వలె స్పష్టంగా నిలిచినది. మా ఆనందానికి మేర లేదు. చూచిన వారందరూ మెచ్చుకొన్నారు. మిత్రుడు ఆ చిత్రాన్ని అచ్చు తీసుకొని ఆ ఆదివారం ఇంటికి తీసుకొనిపోయాడు.

అక్కడ జరిగినది మాకు తరువాత తెలిసినది. అమ్మీకి ఆపరేషను అంటే ప్రాణభయం. ఆమె చెల్లెలు ఒకరు చిన్నతనంలో ఆసుపత్రికి పోయి తిరిగి రాలేదట. కుమారుడు గర్వంగా చూపిన రెండు చిత్రాలను ఆమె దీపం వెలుగున ప్రక్కప్రక్కన పెట్టి చూచినది. మసక చిత్రంలో చుక్క ఉన్నది. స్పష్టమైన చిత్రంలో లేదు. "చూశావా బేటా, బాగా తీస్తే రాయే లేదు. కాగితం మురికిని చూచి డాక్టరు భయపెట్టారు" అన్నది. మిత్రుడు అది నిజం కాకపోవచ్చునని అన్నాడే కాని, గట్టిగా వాదించలేదు. ఇంజనీరింగు చదివే కుమారుడు చేసిన చిత్రం కదా! శస్త్రవైద్యుని వద్దకు పోవడం ఒక వారం వాయిదా పడినది; తరువాత మరి రెండు వారాలు.

నాల్గవ వారంలో ఒక రాత్రి నొప్పి మొదలై వీపునకూ, కుడి భుజానికీ ప్రాకినది. తెల్లవారేసరికి కన్నులు పచ్చబడినవి, జ్వరం వచ్చినది. చిన్న రాయి పిత్తాశయం నుండి జారి పిత్తనాళంలో ఇరుక్కొన్నదని ఆసుపత్రిలో చెప్పారు. పెద్ద రాయి లోపలే పడి ఉండవచ్చును కాని, చిన్న రాయికి సన్నని దారిలోనికి జారే వీలు ఎక్కువ. అట్లు జారిన రాయి క్లోమానికి వాపు తెచ్చినచో ప్రాణాపాయమే. దైవవశాన అంత దాకా రాలేదు. నోటి ద్వారా గొట్టం పంపి రాయిని తీశారు. కొన్ని దినములకు పిత్తాశయాన్ని కూడా తొలగించారు. ఆమె కోలుకొన్నది. ఆ పది రోజులు ఆసుపత్రి వరండాలో వంతుల వారీగా కూర్చున్న మేము ఒకరి ముఖం ఒకరు చూచుకొనలేకపోయాము.

ఆమె ఇంటికి వచ్చిన తరువాత, మొదట స్కానింగు చేసిన డాక్టరమ్మగారి వద్దకు మేము నలుగురం పోయి జరిగినదంతా చెప్పాము. కోపపడతారనుకొన్నాము. ఆమె రెండు చిత్రాలనూ తీసుకొని చాలా సేపు చూచారు.

"ఈ తెల్లని చుక్క ఎక్కడికి పోయింది?" అని అడిగారు.

"రొద అనుకొని తీసివేశాము మేడమ్" అన్నాము.

"నేను కూడా ఈ ఒక్క చిత్రాన్ని చూచే చెప్పి ఉంటే రొద అనే అనుకొని ఉండేదాన్ని. ఇంత చిన్న రాయికి వెనుక నీడ కూడా సరిగా పడదు. ఆమెను ఎడమ ప్రక్కకు తిరిగి పడుకోమన్నాను. చుక్క దొర్లి క్రిందికి పోయింది. గోడకు అంటుకొన్న కండ అయితే కదలదు, రాయి అయితే దొర్లుతుంది. స్పెకిల్ రవ్వ అయితే ప్రోబు కొంచెం జరపగానే మారిపోతుంది. ఇది మారలేదు, దొర్లింది. అందుకే రాయి అని వ్రాశాను" అన్నారు.

హాస్టలు గదిలో మిత్రుడు అడిగిన ప్రశ్నకు సమాధానం అప్పటికి దొరికినది. ఆమె ఒక్క చిత్రాన్ని చూడలేదు. కదిలించి, మార్చి, మరల చూచినది. మేము మాత్రం నిలిచిపోయిన ఒక్క చిత్రాన్ని పట్టుకొని, అందులో మాకు నచ్చని దానినంతా తుడిచివేశాము.

ఆ రాత్రి కాగితంపై లెక్క వేశాము. మా చిత్రంలో ఒక్కొక్క చుక్క 0.3 మిల్లీమీటరు. 11 చుక్కల కిటికీలో మొత్తం 121 చుక్కలు. వాటి నడుమది 61వది. రెండు మిల్లీమీటర్ల గుండ్రని రాయి ఆక్రమించేది సుమారు 35 చుక్కలు. అనగా కిటికీని ఎక్కడ పెట్టినా రాయి అల్పసంఖ్యాకమే. చుట్టూ ఉన్న నల్లని పిత్తరసానిదే ఆధిక్యం. నడుమ నిలిచే విలువ ఎన్నటికీ రాయిది కాజాలదు. మా వడపోత పొరపాటు చేయలేదు. మేము చెప్పిన పనినే తు.చ. తప్పకుండా చేసినది. ఈ లెక్క అయిదు నిమిషాల పని. చిత్రాన్ని అచ్చు తీయక ముందే చేయవలసినది.

అప్పటి నుండి పనిని మరల మొదలుపెట్టాము. 1980లో జోంగ్ సెన్ లీ అనే శాస్త్రజ్ఞుడు ప్రకటించిన పద్ధతిని అభ్యసించాము. ఈ వడపోత ప్రతి కిటికీలోనూ సగటును, విచలనాన్ని ముందు కొలుస్తుంది. ఆ విచలనం కేవలం స్పెకిల్ వలన కలగదగినంతే ఉంటే సగటును తీసుకొంటుంది. అంతకు మించి ఉంటే ఇక్కడ ఏదో వస్తువు కలదని తలచి అసలు విలువను చాలా వరకు అట్లే ఉంచుతుంది. దీనిలో ఒక మెలిక ఉన్నది. యంత్రం తెరపై చూపే చిత్రం అప్పటికే సంవర్గమానం తీసినది. బలమైన ప్రతిధ్వనికీ, బలహీనమైన దానికీ ఒకే తెరపై చోటు కల్పించడానికి అట్లు చేస్తారు. సంవర్గమానం గుణకారాన్ని కూడికగా మార్చుతుందని ఇంటర్మీడియట్ విద్యార్థికి కూడా తెలుసు. దానిని లెక్కలోనికి తీసుకొనకుండా 52 శాతమని పుస్తకంలోని సంఖ్యను వాడితే మరల తప్పే. ఆ తరువాత పెరోనా, మలిక్ అనే వారు 1990లో చూపిన వ్యాపన పద్ధతిని, దానిని స్పెకిల్‌కు తగినట్లు 2002లో యూ, ఆక్టన్ మార్చిన విధానాన్ని కూడా పరీక్షించాము. ఇవి అంచులు లేని చోట నునుపు చేసి, అంచు వచ్చిన చోట ఆగుతాయి.

ఏ పద్ధతిని వాడినా ముందు ఒక పరీక్ష పెట్టుకొన్నాము. కంప్యూటరులో కృత్రిమంగా స్పెకిల్ చిత్రాన్ని తయారు చేసి, అందులో 1 నుండి 6 మిల్లీమీటర్ల వరకు మాకు తెలిసిన కొలతల రాళ్లను మేమే దాచేవాళ్లము. వడపోసిన తరువాత ఏ రాయి మిగిలినది, ఏది మాయమైనది అని పట్టిక వ్రాసేవాళ్లము. చిత్రం ఎంత అందంగా ఉన్నదని ఎవరూ అడగకూడదని మాలో మేము కట్టడి చేసుకొన్నాము.

ఈ ఇబ్బంది మా బోటి విద్యార్థులదే కాదని చదువుతున్న కొద్దీ తెలిసినది. నేటి యంత్రాలు అనేక కోణాల నుండి ధ్వనిని పంపి, ఆ చిత్రాలను కలిపి చూపుతాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని 9 చిత్రాల సగటు తీస్తే స్పెకిల్ మూడవ వంతుకు తగ్గుతుంది. చక్కని ఉపాయమే. కాని రాయి వెనుక పడే నీడ కూడా అన్ని కోణాల నుండి వెలుగు పడడం వలన పలుచబడిపోతుంది. రాయిని పట్టిచ్చే గుర్తులలో ఆ నీడ ముఖ్యమైనది. స్పెకిల్ సైతం పూర్తిగా వ్యర్థం కాదు. కాలేయం గట్టిపడినప్పుడు దాని చిత్రపు నేత మొరటుగా మారుతుంది. నున్నగా తుడిచివేస్తే ఆ నేత కనిపించదు. గుండె కండరం ఎంత ముడుచుకొంటున్నదో కొలిచేందుకు హృద్రోగ వైద్యులు ఈ రవ్వల కదలికనే వెంబడించి చూస్తారు. ఒకరు తుడిచివేయ దలచినది మరొకరికి కొలబద్ద అయినది. ఈ నాడు యంత్రాలకు వేలాది చిత్రాలను చూపి నేర్పి, వాటి చేతనే రొదను తీయిస్తున్నారు. అట్టి యంత్రం తాను నేర్చుకొన్న చిత్రాలలో లేని దానిని తుడిచివేయనూవచ్చు, లేనిదానిని దిద్దనూవచ్చు. కనుక మేము వేసుకొన్న లెక్క దానికీ వేయవలసినదే.

మా తరువాత ఈ పనిని చేపట్టే తమ్ములకూ, చెల్లెళ్లకూ మూడు మాటలు మనవి చేస్తున్నాము. అసలు చిత్రాన్ని ఎన్నడూ పారవేయకండి. వడపోసిన దాని ప్రక్కన అది ఉండి తీరవలెను. మీ వడపోత ఎంత చిన్న వస్తువును మింగగలదో ముందే లెక్క వేసి, ఆ సంఖ్యను చిత్రం క్రిందనే వ్రాయండి. వైద్యుడు చూడని చిత్రాన్ని రోగి ఇంటికి పోనీయకండి. ఈ మూడవది మాకు మిక్కిలి ఖరీదైన పాఠం.

మన ఈ సంచికను చేత పట్టుకొన్నప్పుడు మాకొక సంగతి తోస్తున్నది. ఇది ఒక వైపు నుండి తెరిస్తే తెలుగు, మరొక వైపు నుండి తెరిస్తే ఉర్దూ. మాలో ఇద్దరికి ఉర్దూ లిపి రాదు. మొదటి సంవత్సరం హాస్టలులో మిత్రులు రాత్రివేళ షేర్లు చదువుతూ వాహ్వా అంటూ ఉంటే, ఈ గోల ఎప్పుడు ఆగుతుందా అని చెవులు మూసుకొని పడుకొనేవాళ్లము. మా పద్యాలూ వారికి అట్లే వినిపించేవట. నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్న తరువాత ఇప్పుడు మేమే మరొక్కటి చదవమని అడుగుతున్నాము. ఆ గోలలో మారినది ఏమీ లేదు. మాకు వినడం కొంత అలవడినది.

మొన్న అమ్మీని చూడడానికి వెళ్లి, మా తప్పును మన్నించమని అడిగాము. ఆమె మాకు టీ ఇచ్చి, "ఇప్పుడు మీ చిత్రంలో ఆ చుక్క కనిపిస్తుందా?" అన్నది. కనిపిస్తుందన్నాము. "అయితే దానికి మార్కులు వేస్తారా?" అని అడిగినది. వేశారు. ఆ మార్కుల పట్టికను ఆమెకే చూపి వచ్చాము.

మా శాఖకు పరికరాలు సమకూర్చునప్పుడు, అసలు సంకేతాన్ని వడపోయక ముందే ఇవ్వగల చిన్న అతిధ్వని పరికరం ఒక్కటైనా కొనవలసినదిగా కమిటీవారిని సవినయంగా కోరుతున్నాము. మా తరువాతి వారు ఎవరి తల్లి చిత్రంపైనో కాక, దానిపై తప్పులు చేసి నేర్చుకొందురు గాక.